కనెక్స్.జేఎస్

కనెక్స్.జేఎస్ అనేది జావాస్క్రిప్టు ప్రోగ్రాములలో డేటాబేసు క్వెరీలను నిర్మించడానికి ఉపయోగించే ఒక లైబ్రరీ. దీనిని టిమ్ గ్రీసర్ రూపొందించాడు. తొలి విడుదల 2013లో జరిగింది. ఎంఐటీ లైసెన్సు క్రింద ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూలైట్ మొదలైన డేటాబేసులతో ఇది పనిచేస్తుంది.

పనిచేసే విధానం

ఎస్‌క్యూఎల్ వాక్యాన్ని ప్రోగ్రామరు తానే అక్షరం అక్షరం కూర్చడానికి బదులు, "సెలెక్ట్", "వేర్", "ఆర్డర్‌బై" వంటి ఫంక్షన్లను గొలుసుగా పిలుస్తాడు. వెతుకు ఫారంలో పాఠకుడు నింపిన గడులకు మాత్రమే షరతులు చేర్చవలసి వచ్చినపుడు ఈ సౌలభ్యం బాగా తెలుస్తుంది.

అయితే అసలు ప్రయోజనం వేరొకటి. పుస్తకాల పట్టికలో రచయిత పేరు "గురజాడ" అయిన వరుసలను కోరామనుకుందాం. మైఎస్‌క్యూఎల్ కొరకు లైబ్రరీ తయారుచేసే వాక్యంలో ఆ పేరు ఉండదు. దాని స్థానంలో ఒక ప్రశ్నార్థకం ఉంటుంది. పేరు విడిగా డేటాబేసు డ్రైవరుకు అందుతుంది. అందువలన ఎవరైనా పేరుకు బదులు ఎస్‌క్యూఎల్ ముక్కను టైపు చేసినా, అది ఆజ్ఞగా అమలు కాదు, వట్టి అక్షరాలుగానే మిగులుతుంది. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అనే దాడిని అడ్డుకునేది ఈ ఏర్పాటే.

పరిమితులు

ఈ రక్షణ సంపూర్ణం కాదు. క్వెరీని నేరుగా వ్రాయడానికి ఉన్న "రా" ఫంక్షనులో ప్రోగ్రామరే విలువను వాక్యంలో అతికిస్తే లైబ్రరీ చేయగలిగినది ఏమీ లేదు. 2.3.0 వెర్షను వరకు మరొక లోపం కూడా ఉండేది. మైఎస్‌క్యూఎల్‌తో వాడేటపుడు, మామూలు విలువకు బదులు ఆబ్జెక్టును పంపి "వేర్" షరతును నిష్ఫలం చేయగలిగేవారు. రహస్య సంకేతాన్ని సరిపోల్చే క్వెరీలో ఇది చిన్న విషయం కాదు. 2016లోనే బయటపడిన ఈ లోపాన్ని 2.4.0 వెర్షనులో గాని సరిచేయలేదు.