ప్రైవేటు విశ్వవిద్యాలయంలో విద్యార్థి సంతృప్తి: ఒక చరిత్ర

ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు విస్తరించిన 1980లలో విద్యార్థి గోడు తరగతి గదికి చేరకముందే, సీటు దగ్గరే మొదలయ్యేది. నిర్ణీత ఫీజుకు మించి ప్రవేశం కోసం వసూలు చేసే సొమ్మును, అంటే క్యాపిటేషన్ ఫీజును, రాష్ట్రం 1983 చట్టంతో నిషేధించింది. ఫీజుల వివాదాలు సుప్రీంకోర్టుకు చేరగా 1993లో ఉన్నికృష్ణన్ కేసు తీర్పు సగం సీట్లను ప్రభుత్వ కళాశాలల ఫీజుకే ఇవ్వాలన్నది; 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసు తీర్పు ఆ పద్ధతిని తొలగించి, లాభార్జనకు దిగకుండా సహేతుకమైన ఫీజు నిర్ణయించుకునే హక్కును యాజమాన్యాలకు ఇచ్చింది. అప్పటినుంచి విద్యార్థి ప్రశ్న మారింది: కట్టిన ఫీజుకు అందుతున్నదేమిటి?

ఛత్తీస్‌గఢ్ అనుభవం ఈ ప్రశ్నను నగ్నంగా చూపింది. అక్కడ 2002 నాటి చట్టం కింద నోటిఫికేషన్లతోనే వందకు పైగా ప్రైవేటు విశ్వవిద్యాలయాలు వెలిశాయి. వాటిలో చాలావాటికి సొంత ప్రాంగణం గానీ, ప్రయోగశాల గానీ లేకపోవడంతో శాస్త్రవేత్త ప్రొఫెసర్ యశ్‌పాల్ వేసిన కేసులో 2005లో సుప్రీంకోర్టు వాటి స్థాపనకు ఆధారమైన సెక్షన్లను కొట్టివేసింది.

ఇచ్చిన మాట తప్పడాన్నే ఫిర్యాదుగా గుర్తించిన మలుపు విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2012 నిబంధనలతో వచ్చింది. ప్రవేశాలకు ముందే ఫీజులు, సదుపాయాల వివరాలతో ప్రాస్పెక్టస్ ప్రచురించాలని చెప్పిన ఆ నిబంధనలు, అందులో లేని సొమ్ము అడగడాన్ని, చెప్పిన సదుపాయం కల్పించకపోవడాన్ని, విద్యార్థి సర్టిఫికెట్లను అట్టిపెట్టుకోవడాన్ని ఫిర్యాదుల కింద చేర్చాయి. చదువు మానుకోదలచిన పిల్లవాడి టెన్త్ మెమో ఆఫీసు బీరువాలో చిక్కుకుపోతే ఆ కుటుంబం పడే క్షోభ తెలిసినవారికి ఈ చివరి అంశం విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఆంధ్రప్రదేశ్ 2016లో, తెలంగాణ 2018లో ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టాలు చేశాయి. ఈ మధ్యలోనే, 2017లో, ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ తన గుర్తింపు ప్రక్రియలో విద్యార్థి సంతృప్తి సర్వేను చేర్చింది. సిలబస్ ఎంత పూర్తయింది, అంతర్గత మూల్యాంకనం నిష్పక్షపాతంగా ఉందా వంటి ఆ ప్రశ్నలు దాదాపుగా బోధన చుట్టూనే తిరుగుతాయి. మెస్ భోజనం, హాస్టల్ నీరు, ఫీజు వాపసు వాటిలో కనిపించవు. పగలు తరగతిలో గడిపే విద్యార్థి రాత్రి హాస్టల్‌లోనే ఉంటాడు గనుక ఈ కొలత అసంపూర్ణమనే చెప్పాలి. సేవల లోపాన్ని ఎత్తిచూపే దారి ఫిర్యాదుగానే మిగిలింది. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ఆ ఫిర్యాదు మొదట సంస్థలోని ఆచార్యులతో కూడిన కమిటీకి, అక్కడ న్యాయం దొరకకపోతే అంబుడ్స్‌పర్సన్‌కు, అంటే విశ్రాంత ఉపకులపతి, ఆచార్యుడు లేదా మాజీ జిల్లా న్యాయమూర్తి అయిన విచారణాధికారికి వెళుతుంది.