ఢిల్లీ ఎండలో పాత కారు: ఎలక్ట్రిక్ ఫ్యూయల్ పంపు ఎంపిక, బిగింపు

మే నెల మధ్యాహ్నం ఢిల్లీ రింగ్ రోడ్డు సిగ్నల్ దగ్గర ఆగిన అంబాసిడర్ మళ్లీ స్టార్ట్ కాకపోవడం, డ్రైవర్ బానెట్ ఎత్తి పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వేసి పావుగంట ఎదురుచూడటం ఒకప్పుడు మామూలు దృశ్యం. ఆ తడిగుడ్డ ఉత్త నమ్మకం కాదు. ఇంజిన్‌కు బిగించి ఉండే మెకానికల్ పంపు వేడెక్కితే అందులోని పెట్రోల్ ఆవిరవుతుంది. ద్రవాన్ని తోడేందుకు తయారైన పంపు ఆవిరిని తోడలేదు. దీన్నే వేపర్ లాక్ అంటారు. పంపు చల్లబడగానే ఇంజిన్ మళ్లీ అందుకుంటుంది.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, స్టాండర్డ్ హెరాల్డ్ వంటి కార్లలో ట్యాంకు వెనక ఉంటుంది, పంపు ముందు ఉంటుంది. అంటే కారు పొడవునా పెట్రోల్‌ను అది పీల్చుకోవాలి. పీల్చేటప్పుడు పైపులో పీడనం తగ్గుతుంది, పీడనం తగ్గితే ద్రవం ఇంకా తక్కువ వేడికే మరుగుతుంది. పెట్రోల్‌లోని తేలికపాటి భాగాలు 35 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడతాయి. ఢిల్లీలో వేసవి మధ్యాహ్నం నీడలోనే అంతకంటే ఎక్కువ వేడి ఉంటుంది. ఎలక్ట్రిక్ పంపును ట్యాంకు పక్కనే పెడితే ఈ లెక్క తిరగబడుతుంది. పైపులో పీడనం పెరుగుతుంది, పెట్రోల్ ఆవిరి కావడం ఆలస్యమవుతుంది.

అయితే ఎండలో ఆగిన ప్రతి కారుకూ రోగం పంపులోనే ఉండదు. వేడెక్కిన ఇగ్నిషన్ కాయిల్, చెడిపోయిన కండెన్సర్ కూడా అచ్చం ఇలాగే కారును ఆపుతాయి. సోలెక్స్, వెబర్ కార్బ్యురేటర్లు ఉన్న కారు ఆగగానే ఎయిర్ ఫిల్టర్ తీసి, యాక్సిలరేటర్ లివర్‌ను చేత్తో లాగి చూడాలి. లోపల పెట్రోల్ చిమ్మితే కార్బ్యురేటర్‌కు ఇంధనం అందుతున్నట్టే. అప్పుడు కొత్త పంపు కొనడం దండగ. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినా పంపు పెట్రోల్ తోడలేదు. మూత తెరవగానే బుస్సుమని శబ్దం వస్తే కారణం అదే కావచ్చు.

రోడ్డెక్కని కారు సంగతి

ఢిల్లీ ఎన్‌సీఆర్‌లో ఈ పంపుకు గిరాకీ పెరగడానికి ఎండ ఒక్కటే కారణం కాదు. 15 ఏళ్లు దాటిన పెట్రోల్ వాహనాలు ఇక్కడ తిరగరాదన్న హరిత ట్రైబ్యునల్ ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2018 అక్టోబర్‌లో సమర్థించింది. 2025 ఆగస్టులో యజమానులపై కఠిన చర్యలు వద్దని చెప్పిన కోర్టే, డిసెంబర్‌లో ఆ రక్షణను బీఎస్-4, ఆపై ప్రమాణాల వాహనాలకు పరిమితం చేసింది. కార్బ్యురేటర్ కార్లకు అది వర్తించదు. కేంద్రం 2021 జులైలో తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కార్లకు ‘వీఏ’ సిరీస్‌లో నంబర్ ఇస్తారు. అవి కూడా ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోల్ పోయించుకోవడానికి, మరమ్మతుకు తప్ప రోజువారీగా రోడ్డెక్కకూడదు. ఈ రెండు నిబంధనల మధ్య 1985 నాటి పద్మిని ఎటూ కాకుండా పోయింది.

ఫలితంగా ఈ కార్లు వారాల తరబడి కదలవు. ఆలోగా కార్బ్యురేటర్ బౌల్‌లోని పెట్రోల్ ఆవిరైపోతుంది. మెకానికల్ పంపు ఇంజిన్ తిరిగితేనే పనిచేస్తుంది కాబట్టి బౌల్ నిండేదాకా సెల్ఫ్ కొడుతూ ఉండాలి. ఈలోపు బ్యాటరీ దిగిపోతుంది. ఎలక్ట్రిక్ పంపు ఉంటే తాళం తిప్పిన కొన్ని సెకన్లలో బౌల్ నిండుతుంది.

బలమైన పంపు మంచి పంపు కాదు

కొనేటప్పుడు ఎక్కువమంది చేసే పొరపాటు ప్రెషర్ ఎంత ఎక్కువైతే అంత మేలనుకోవడం. కార్బ్యురేటర్‌లో పెట్రోల్‌ను ఆపేది ఫ్లోట్, దాని మీది చిన్న నీడిల్ వాల్వ్. ఎస్‌యూ, సోలెక్స్, వెబర్ ఏదైనా సుమారు 3 పీఎస్‌ఐ దాకా ఆ వాల్వ్ నిలబడుతుంది. ప్రెషర్ అంతకు బాగా మించితే వాల్వ్ తోసుకుని పెట్రోల్ పొంగుతుంది. పాత అంబాసిడర్ బీఎంసీ ఇంజిన్‌లో కార్బ్యురేటర్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ రెండూ ఒకే పక్కన, ఒకదాని పైన ఒకటి ఉంటాయి. పొంగిన పెట్రోల్ కారేది కాలుతున్న ఇనుము మీదికే.

అందుకే మాయాపురి పాత సామాన్ల దుకాణాల్లో చవగ్గా దొరికే ఇంజెక్షన్ కారు పంపు దీనికి పనికిరాదు. దాని ప్రెషర్ 40 పీఎస్‌ఐ పైనే. రెగ్యులేటర్ పెట్టి తగ్గించవచ్చని కొందరు మెకానిక్‌లు చెబుతారు. ఆ రెగ్యులేటర్ పాడైన రోజు ఏమవుతుందో వారినే అడగాలి. మొదటి నుంచే 2 నుంచి 3 పీఎస్‌ఐ మధ్య ఉండే, కార్బ్యురేటర్ కార్ల కోసం చేసిన పంపు తీసుకోవడమే క్షేమం. ఫాసెట్ తరహా చిన్న పెట్టె పంపుల్లో కూడా ఒకే ఆకారంలో వేర్వేరు ప్రెషర్లవి వస్తాయి. కశ్మీరీ గేట్ మార్కెట్లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, డబ్బా మీది అంకెను కాకుండా గేజ్ పెట్టి చూసిన అంకెనే నమ్మాలి.

పెట్రోల్ పరిమాణం గురించి బెంగ అక్కర్లేదు. పూర్తి వేగంలో ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు 230 గ్రాముల పెట్రోల్ లెక్కన 50 హార్స్‌పవర్ ఇంజిన్‌కు గంటకు 15, 16 లీటర్లు చాలు. గంటకు 60 లీటర్లు ఇచ్చే చిన్న పంపు కూడా దానికి నాలుగింతలు.

మోరిస్ మైనర్ వంటి కార్లలో కంపెనీయే ఎస్‌యూ ఎలక్ట్రిక్ పంపు పెట్టింది. అలాంటి కారుకు అదే రకం పంపు వేస్తే అసలు రూపమూ నిలుస్తుంది. దాని కాంటాక్ట్ పాయింట్లు అతుక్కుపోతే స్పానర్‌తో మెల్లగా తట్టి నడిపించడం పాతకాలపు చిట్కా. ఇల్లు చేరడానికి అది సరిపోతుంది, మరమ్మతు మాత్రం కాదు.

ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాత రబ్బరు డయాఫ్రమ్‌లు, గొట్టాలు దీనికి ఉబ్బుతాయి, పగులుతాయి. ఇథనాల్‌ను తట్టుకుంటుందని తయారీదారు రాసిచ్చిన పంపునే కొనాలి. దాంతోపాటు పాత గొట్టాలన్నీ మార్చాలి. కొత్త పంపు పెట్టి ముప్పై ఏళ్ల గొట్టాన్ని వదిలేస్తే చేసిన పని సగమే. ఇథనాల్ ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డినీ కదిలిస్తుంది కాబట్టి పంపుకు ముందు ఫిల్టర్ తప్పనిసరి.

బిగింపు

పని ఆరుబయట చేయాలి. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, నేలబారున పేరుకుంటుంది. గురుగ్రామ్, నోయిడా అపార్ట్‌మెంట్ల బేస్‌మెంట్ పార్కింగ్ దీనికి అత్యంత చెడ్డ చోటు. బ్యాటరీ వైరు విప్పి, అగ్నిమాపక సిలిండర్‌ను చేతికందేలా పెట్టుకుని మొదలుపెట్టాలి.

పంపు ట్యాంకుకు దగ్గరగా, వీలైతే పెట్రోల్ మట్టం కంటే కిందుగా, సైలెన్సర్ పైపుకు దూరంగా ఉండాలి. రాళ్లు తగలని చోటు చూసుకోవాలి. డిక్కీ లోపల పెట్టకూడదు. చాసిస్‌కు కొత్త రంధ్రాలు వేయకుండా క్లాంపుతో బిగించడం మేలు. వింటేజ్ నిబంధనలు చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో మార్పులను ప్రశ్నిస్తాయి, పోటీల్లో న్యాయనిర్ణేతలూ ఇవే చూస్తారు. విప్పిన పాత పంపును దాచి ఉంచాలి.

శబ్దం రాకుండా పంపు కింద రబ్బరు బుష్‌లు వేస్తారు. రబ్బరు కరెంటును పోనివ్వదు కాబట్టి ఎర్త్‌కు విడిగా వైరు లాగాలి. కొత్త పంపు ‘పనిచేయడం లేదు’ అన్నప్పుడు మొదట చూడాల్సింది ఇదే. 1950లు, 60ల నాటి బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ ఎర్త్ అయి ఉంటుంది. వాటికి రెండు వైర్లూ విడిగా బయటికి వచ్చే పంపు కావాలి. ఎలక్ట్రానిక్ పంపుకు వైర్లు తారుమారైతే అది కాలిపోతుంది.

మెకానికల్ పంపును అలాగే ఉంచి దాని గుండానే పెట్రోల్ పంపే పద్ధతి కూడా ఉంది. ఇది ప్రమాదకరం. ఆ పాత డయాఫ్రమ్ చిరిగితే ఎలక్ట్రిక్ పంపు నెట్టే పెట్రోల్ నేరుగా ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. పలచబడ్డ ఆయిల్ బేరింగులను కాపాడలేదు. డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగి, పెట్రోల్ వాసన వస్తే ఇంజిన్ తిప్పకూడదు. పాత పంపును విప్పేసి, ఆ చోట గ్యాస్‌కెట్‌తో మూత పలక బిగించాలి. లేకపోతే అక్కడి నుంచి ఆయిల్ చిమ్ముతుంది.

చాలా షెడ్లలో పంపు వైరును నేరుగా ఇగ్నిషన్‌కు కలిపి పని అయిపోయిందంటారు. మెకానికల్ పంపులో ఒక సుగుణం ఉంది: ఇంజిన్ ఆగితే అదీ ఆగుతుంది. ఎలక్ట్రిక్ పంపు అలా ఆగదు. గుద్దుకున్న కారులో డ్రైవర్ స్పృహ తప్పినా, తాళం ఆన్‌లో ఉన్నంతసేపు తెగిన గొట్టంలోంచి పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. అందుకే ఫ్యూజు, రిలేతో పాటు రెండు రక్షణలు కావాలి. ఒకటి, దెబ్బ తగలగానే కరెంటు తెంచే ఇనర్షియా స్విచ్. రెండోది, ఇంజిన్ ఆగితే పంపును ఆపే ఏర్పాటు. ఆయిల్ ప్రెషర్ స్విచ్ గానీ, కాయిల్ స్పార్కులను గమనించే రిలే గానీ ఆ పని చేస్తుంది. ఆయిల్ ప్రెషర్ స్విచ్ పెడితే ఇంజిన్ అందుకోకముందు బౌల్ నిండేందుకు, నొక్కినంతసేపే పనిచేసే బటన్ ఒకటి విడిగా ఉండాలి. పంపు కంటే ఈ సామాన్లకే కొన్నిసార్లు ఎక్కువ ఖర్చవుతుంది. బేరం ఆడాల్సిన చోటు మాత్రం ఇది కాదు.

చివరగా కార్బ్యురేటర్ ముందు గేజ్ పెట్టి ప్రెషర్ చూడాలి. 3 పీఎస్‌ఐ దాటకపోతే ఇంజిన్ ఆపి ఉంచి, బటన్ నొక్కి పంపును మాత్రమే నడపాలి. ఎస్‌యూ పంపు బౌల్ నిండేదాకా గబగబా టిక్కుటిక్కుమని, తర్వాత దాదాపు నిశ్శబ్దమవుతుంది. ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటే ఎక్కడో గాలి పీల్చుకుంటోంది, లేదా పెట్రోల్ కారుతోంది. అది ఎక్కడో తేలేదాకా సెల్ఫ్ కొట్టకూడదు.