మసి కాదమ్మా, అది దాని రంగే!



మా గోదావరిఖనిలో తెల్లచీర ఆరేస్తే సాయంత్రానికి దాని మీద నల్లటి నలుసులు కనబడతాయి. బొగ్గుబాయిల ఊరు మరి! అందుకే మా చిన్నవాడు బజారు నుంచి తెల్ల కుందేలు పిల్లను తెచ్చిన రోజున, దాని ముక్కూ చెవులూ పాదాలూ నల్లగా ఉండటం చూసి నేను రెండో ఆలోచన చేయలేదు. సబ్బు పెట్టి రుద్దాను. నలుపు పోలేదు సరికదా, తడిసిన ఆ ప్రాణి గజగజ వణికి ఒక పక్కకు ఒరిగిపోయింది. మావారు షిఫ్టు దిగి వచ్చేదాకా దాన్ని పాతచీరలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పిల్లవాడు నాతో మాట్లాడలేదు. ఎలాగో బతికింది. కుందేలుకు స్నానం చేయించకూడదని ఆ రోజు తెలిసింది. ఆ నలుపు మసి కాదని తర్వాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది.

ఈ పోలిక ఉన్నవాటిని హిమాలయన్ కుందేళ్లు అంటారు. చిన్న జాతి. బాగా ఎదిగినా రెండు కిలోలకు మించి తూగడం అరుదు. ఒళ్లు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. బొచ్చు మల్లెపువ్వంత తెలుపు, కళ్లు ఎరుపు. ముక్కు మీద కోడిగుడ్డు ఆకారంలో మచ్చ. చెవులూ తోకా నలుపే. పాదాలకు మేజోళ్లు తొడిగినట్టుంటుంది.

పేరు విని, ఇది మన హిమాలయాల బిడ్డే కదా అని నేను మురిసిపోయాను. కానీ మన అడవుల్లో, చేలగట్ల మీద దూకే చెవులపిల్లి వేరు, ఇది వేరు. చెవులపిల్లి పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరిచి పుడతాయి. పెంపుడు కుందేలు పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. పెంపుడు కుందేళ్లన్నిటికీ మూలం స్పెయిన్, పోర్చుగల్ వైపు బొరియల్లో బతికే అడవి కుందేలు. మనం రెంటినీ కుందేలనే అంటాం కాబట్టి ఈ తికమక.

ఈ హిమాలయన్‌ను ఒకప్పుడు చైనా కుందేలనీ, పోలండు కుందేలనీ, రష్యా కుందేలనీ కూడా పిలిచేవారు. దాని మచ్చల పొందిక చూసి, ఇది ప్రత్యేకమైన అడవి జాతేనని మొదట్లో ఇంగ్లండు పండితులు కొందరు నమ్మి, లాటిన్‌లో పేరు కూడా పెట్టారు. డార్విన్ మహాశయుడు 1868లో అచ్చయిన తన గ్రంథంలో ఈ ముడి విప్పాడు. వెండి బూడిదరంగు కుందేళ్ల సంకరంలో ఇలాంటి పిల్లలు పుట్టిన వైనం రాశాడు. ఇన్ని దేశాల పేర్లు మోసిన ప్రాణి పుట్టిల్లు కొండ కాదు, మనిషి కట్టిన గూడే!

ఇక రంగు సంగతి. పుట్టినప్పుడు పిల్లలు తెల్లగానే ఉంటాయి. రోజులు గడిచేకొద్దీ నలుపు వస్తుంది. వాటి ఒంట్లో నలుపును తయారుచేసే పదార్థం వెచ్చని చోట పనిచేయదు, చల్లని చోటే పనిచేస్తుంది. ఒంటి మధ్య వెచ్చన కాబట్టి తెలుపు. ముక్కు, చెవులు, పాదాలు, తోక చల్లన కాబట్టి నలుపు. శాస్త్రజ్ఞులు ఒక కుందేలు వీపున బొచ్చు గొరిగి, అక్కడ మంచు కట్టి ఉంచితే, కొత్తగా మొలిచిన బొచ్చు నల్లగా వచ్చిందట! సయామీ పిల్లులకు నల్ల మొహం వచ్చేదీ ఈ కారణం చేతనే.

ఆ ఏడు మా రామగుండం ఎండలు ముదిరాక మా కుందేలు బొచ్చు రాల్చి కొత్తది వేసుకుంది. మచ్చలు కాస్త వెలిశాయి. పక్క క్వార్టర్ వదినె చూసి, "ఇన్నాళ్లకు మసి వదిలింది, ఏం సబ్బు పెట్టినవ్?" అని అడిగింది. సబ్బు కాదు వదినె, ఎండ అన్నాను. చలికాలం రాగానే నలుపు మళ్లీ చిక్కబడింది.

మీ పిల్లలు ఇలాంటి కుందేలును తెస్తే బక్కెట్టు దగ్గరికి తీసుకుపోకండి. ఎండాకాలం గూడు నీడన పెట్టి, పైన తడి గోనెపట్టా కప్పండి. అది చలికి తడిసినా ఓర్వలేదు, ఎండకు కాగినా ఓర్వలేదు. మనకు మురికిగా కనిపించినదల్లా మురికి కాదని, కడిగే ముందు ఒకసారి అడిగి తెలుసుకోవాలని, నాకు ఆ మూగప్రాణి నేర్పింది.