గుమాస్తా లాంబ్, వ్యాసకర్త ఎలియా

మన కోస్తా సాలెలు నేసిన బట్టల తానులు, వంగదేశపు నీలిమందు, చీనా తేయాకు లండను చేరి వేలమునకు వచ్చినప్పుడు, వాటి ధరవరలను చిట్టాల కెక్కించుటకు లీడెన్‌హాల్ వీధిలోని ఈస్టిండియా కంపెనీ భవనమున గుమాస్తాల బృంద మొకటి ఉండెడిది. 1792 ఏప్రిల్‌లో పదునేడేండ్ల బాలుడొకడు ఆ లెక్కల శాఖలో చేరినాడు. మొదటి మూడేండ్లు జీతము లేదు. మొత్తము ముప్పదిమూడేండ్లు ఆ బల్ల విడువలేదు. శ్రోతలలో ఇంగ్లీషు చదివినవారు ఆయన నెరుగుదురు: చార్లెస్ లాంబ్.

కవి కాదలచినవాడు చిట్టాల నేల అంటిపెట్టుకొన్నాడు? సమాధానము ఆయన ఇంటిలో ఉన్నది. 1796 సెప్టెంబరు 22వ తేదీన అక్క మేరీ, చిత్తభ్రమ కమ్మిన వేళ, కన్నతల్లిని కత్తితో పొడిచి చంపినది. విచారణలో ఉన్మాదమని తేలినది. ఆమెను శాశ్వతముగా పిచ్చాసుపత్రిలో ఉంచుట మేలని అన్న జాన్ తలచినాడు. ఇరువదియొక్క యేండ్ల తమ్ముడు ఒప్పుకొనక, అక్కకు తాను పూచీపడినాడు. పెండ్లి చేసికొనలేదు. జబ్బు మరల మరల తిరుగబెట్టెడిది. సూచనలు కనబడగానే అక్కాతమ్ములు చేయి చేయి పట్టుకొని, కన్నీళ్లతో హాక్స్‌టన్ పొలముల కాలిబాటను ఆసుపత్రికి నడచిపోవుట ఒక మిత్రుడు చూచినాడు. ఇల్లు ఇట్లుండగా, ఆ ఇంటిని నిలిపినది కచేరీ జీతమే.

అట్లని కచేరీకిని తనకును నడుమ గిరి గీసికొని కూర్చున్నాడనుకొనరాదు. కంపెనీ కాగితము మీదనే, కంపెనీ వేళలోనే కోల్‌రిడ్జి, వర్డ్స్‌వర్తులకు ఉత్తరములు వ్రాసినాడు. ఆలస్యముగా వచ్చుచున్నావేమని పైయధికారి అడిగితే, అందుకు బదులుగా పెందలకడనే పోవుచున్నాను గదా యన్నాడని ఒక కథ. నిజమో కాదో గాని, ఆ నోటికి తగిన మాటే.

1820లో లండన్ మాగజైన్‌కు వ్యాసములు మొదలుపెట్టినప్పుడు స్వంత పేరు పెట్టలేదు. మొదటి వ్యాసము సౌత్ సీ హౌస్ అను పాత కచేరీని గూర్చి. లాంబ్ చిన్ననాడు కొన్ని నెలలు అక్కడ పనిచేసినాడు. అన్న జాన్ అప్పటికి నింకను అక్కడి ఉద్యోగి. తమ్ముని పరిహాసము అన్నకు నొప్పి కలిగింపరాదని, వెనుక అక్కడ పనిచేసిన ఎలియా అను ఇటలీ గుమాస్తా పేరు అరువు తెచ్చుకొన్నాడు. వ్యాసములలో అక్క బ్రిజెట్ అయినది, అన్న జేమ్స్ ఎలియా అయినాడు; ఇద్దరిని తోబుట్టువులుగా గాక చుట్టములుగా చూపినాడు.

1825 మార్చి 29న కంపెనీవారు పెన్షను ఇచ్చి సెలవిప్పించినారు. ఏటికి 450 పౌనులు. అందులో తన తరువాత మేరీ పోషణకై 9 పౌనుల మినహాయింపు. మే నెలలో జె.డి. అను పొడి అక్షరములతో విరమణను గూర్చిన వ్యాసము వెలువడినది. అందును కంపెనీ పేరు లేదు, ఎవరో వర్తకుల కొట్టు. విడుదలైన గుమాస్తా మొదట ఉబ్బితబ్బిబ్బగును. పిమ్మట కాలమేమి చేసికొనవలెనో తోచదు. పాతవారిని చూడబోతే తన బల్ల వద్ద మరియొకడు, తన టోపీ కొయ్యకు మరియొకరి టోపీ. పరిహాసములు పూర్వమువలె పండలేదు. ఉద్యోగము తాను కాదనుకొన్నవాడు అక్కడి మనుష్యులను మాత్రము తనవారిని చేసికొన్నాడు. అది విడిచివచ్చిన తరువాత గాని తెలిసిరాలేదు.

లాంబ్ 1834 డిసెంబరు 27న కన్నుమూసినాడు. మేరీ 1847 వరకు జీవించినది. అన్నాళ్లును కంపెనీనుండి ఆమెకు భృతి వచ్చుచుండెను.