తెలిసిన కథకే గుండె దడ

ఉత్కంఠ చిత్రాలంటే మన పిల్లలు చెవి కోసుకొంటారు. నిర్దోషిపై నింద పడటం, నిజం బయటపడేలోగా గడువు ముంచుకు రావటం, ఇవి ఆ చిత్రాలకు పరిపాటి. ఇదంతా పడమటి సరకేనని మనలో పలువురి నమ్మకం. బళ్ళారి నాటక చరిత్ర ఎరిగినవారు ఆ మాట ఒప్పుకోరు.

ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు 1886లో బళ్ళారిలో సరసవినోదినీ సభను నెలకొల్పారు. వారి ‘విషాద సారంగధర’ కథ మన పెద్దలకు తెలిసినదే. ఎగిరిపోయిన పావురం కోసం రాజకుమారుడు సవతి తల్లి చిత్రాంగి మందిరంలో అడుగు పెడతాడు. ఆమె కోరికను తిరస్కరించి నిందపాలవుతాడు. అతడు నిర్దోషి అని ప్రేక్షకులకు తెలుసు. శిక్ష విధించే తండ్రి రాజరాజనరేంద్రునికే తెలియదు. ఆచార్యులవారు పాతకథలోని ఊరటను తీసివేసి విషాదాంతం చేశారు.

అదే ఊరివారైన కోలాచలం శ్రీనివాసరావుగారు విజయనగర పతనంపై ‘రామరాజు’ నాటకం వ్రాశారు. 1565 నాటి యుద్ధం ఎలా ముగిసిందో బళ్ళారివారికి ఒకరు చెప్పనక్కరలేదు. హంపీ శిథిలాలు ఆనాడు ఆ జిల్లాలోనివే. అయినా ధర్మవరంవారి మేనల్లుడు బళ్ళారి రాఘవ (1880-1946) పఠాన్ రుస్తుంగా ఆ నాటకంలో గొప్ప పేరు గడించారు.

బల్ల క్రింద బాంబు ఉన్నదని ప్రేక్షకునికి ముందే చెబితే అది పేలేదాకా ఉత్కంఠే, చెప్పకపోతే ఒక్క క్షణపు ఉలికిపాటే అని దర్శకుడు హిచ్‌కాక్ 1960 దశకంలో వివరించాడు. ఆయన మన నాటకాలు చూశాడని మేము అనము. కాని చిత్రాంగి మందిరంలో వాలిన పావురం అటువంటిదే గదా! ‘అవేకళ్ళు’ (1967), ‘అన్వేషణ’ (1985) వంటి చిత్రాలు హంతకుడెవరన్న ప్రశ్నతో కట్టిపడవేశాయి. బళ్ళారి నాటకంలో దోషి ఎవరో మొదటే తెలుసు. నిజం వేళకు వెల్లడవుతుందా అన్నదే ప్రశ్న.

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరగా, బళ్ళారి మైసూరు రాష్ట్రానికి పోయింది. రాఘవ కన్నడంలోనూ నటించినవారు, ఉభయులకూ ఆప్తులే. అయితే ఊరు పటంలో అవతలికి పోయినదని మన నాటక చరిత్రలో ఆ అధ్యాయాన్ని మనమే మరచిపోతే, దూరదేశాలలో పెరిగే మన పిల్లలకు దానిని చెప్పేవారెవరు?

ఈ ఉగాదినాడు వారికి సారంగధరుని కథ చెప్పండి. రాజు తీర్పు చెప్పబోయే చోట ఒక్క క్షణం ఆగండి. “తరువాత ఏమైంది?” అని వారు తప్పక అడుగుతారు.