తల్లి తాగే పాలకు పూచీ ఎవరిది? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వాసులు తెలుసుకోవాల్సిన విషయాలు

ఈ మూడు పట్టణాల్లో గర్భిణి ఇంటికి పాలు రెండు దారుల్లో చేరతాయి. ఒకటి, పొద్దున్నే పల్లెల నుంచి క్యాన్లతో వచ్చే విడి పాలు లేదా అంగట్లో కొనే ప్యాకెట్. రెండోది, అంగన్‌వాడీ ద్వారా ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే పాలు. రెండింటికీ చట్టాలున్నాయి, అధికారులూ ఉన్నారు. ఏది ఎవరి చేతిలో ఉందో తెలియకపోతే మాత్రం ఫిర్యాదు ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉంటుంది.

పాలను తనిఖీ చేసేది ఎవరు?

1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టంలో స్థానిక ఆరోగ్య అధికారులకు పాత్ర ఉండేది. దాని స్థానంలో 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం వచ్చింది. దీని ప్రకారం రాష్ట్రానికి ఫుడ్ సేఫ్టీ కమిషనర్, జిల్లాలో డిజిగ్నేటెడ్ ఆఫీసర్, ఆయన కింద ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్లు ఉంటారు. పాల శాంపిల్ తీసేది ఫుడ్ సేఫ్టీ ఆఫీసరే.

శాంపిల్‌ను నాలుగు భాగాలు చేసి సీల్ వేస్తారు. ఒక భాగం ఫుడ్ అనలిస్ట్‌కు వెళ్తుంది. ఆయన 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. నాసిరకం అని తేలితే రూ.5 లక్షల వరకు జరిమానా పడుతుంది. దీన్ని జాయింట్ కలెక్టర్ స్థాయి అధికారి విచారిస్తారు. ఆరోగ్యానికి హాని చేసే పాలైతే జైలు శిక్ష కూడా ఉంటుంది.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. పాలు పూటలో అయిపోతాయి, రిపోర్టుకు రెండు వారాలు పడుతుంది.

రైతు దగ్గర కొలుస్తారు, ఇంటి దగ్గర కొలవరు

2020 డిసెంబర్ 2న రాష్ట్రంలో మొదలైన అమూల్ పాల సేకరణ మొదటి విడతలోనే కడప జిల్లా ఉంది. డెయిరీలకు రైతు ఎనుము పాలు పోసినా, ఆవు పాలు పోసినా వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాలు) చూసే ధర కడతారు. అవే పాలు క్యాన్‌లో ఇంటి గుమ్మానికి వస్తే ఆ లెక్క అడిగేవాళ్లు లేరు. ప్యాకెట్‌కైతే లెక్క ఉంది. టోన్డ్ పాలలో కనీసం 3 శాతం వెన్న, 8.5 శాతం ఎస్ఎన్ఎఫ్ ఉండాలి. ఫుల్ క్రీమ్‌లో 6 శాతం, 9 శాతం ఉండాలి.

2018లో ఎఫ్ఎస్ఎస్ఏఐ దేశవ్యాప్తంగా 6,432 శాంపిళ్లు పరీక్షించింది. ప్రాణానికి హాని చేసే కల్తీ 12 శాంపిళ్లలోనే దొరికింది. కానీ 368 శాంపిళ్లలో అఫ్లాటాక్సిన్ ఎం1 పరిమితి దాటింది. ఇది బూజు పట్టిన దాణా తిన్న పశువుల పాలలోకి వచ్చే విషం, మరిగించినా పోదు. అంటే పాలు పోసేవాళ్లు నీళ్లు కలపకపోయినా, దాణా బాగా లేకుంటే పాలు బాగుండవు.

ఇంట్లో చూసుకోగలిగినవి

* నున్నటి వాలు పలకపై ఒక చుక్క వేయాలి. మంచి పాలు తెల్లటి చార వదిలి నెమ్మదిగా జారతాయి. నీళ్ల పాలు చార లేకుండా జారిపోతాయి.
* కాచి చల్లార్చిన పాలలో రెండు మూడు చుక్కల టింక్చర్ అయోడిన్ వేస్తే నీలం రంగు వస్తే, పిండి కలిపినట్టే.
* పాలకు సమానంగా నీళ్లు పోసి బాగా కుదిపితే చిక్కటి నురగ నిలిచిపోతే, డిటర్జెంట్ ఉందని అనుమానించాలి.

పచ్చిపాలు గర్భిణులు తాగకూడదు. బ్రూసెల్లా, లిస్టీరియా లాంటి సూక్ష్మజీవులు గర్భస్రావానికి కారణం కావచ్చు. పొంగు వచ్చేదాకా కాచితే అవి చస్తాయి.

తల్లికి రావాల్సినవి

2013 జాతీయ ఆహార భద్రత చట్టం ప్రకారం గర్భిణికి, ప్రసవం తర్వాత ఆరు నెలల వరకు తల్లికి అంగన్‌వాడీ ద్వారా ఉచిత పోషకాహారం హక్కు. రోజుకు 200 ఎంఎల్ లెక్కన 25 రోజులకు 5 లీటర్ల పాలు, రోజుకొక గుడ్డు రాష్ట్ర పథకంలో ఉన్నాయి. ప్యాకెట్ ఉబ్బి ఉన్నా, తేదీ దాటినా తీసుకోకుండా వెనక్కి ఇవ్వాలి.

ప్రధానమంత్రి మాతృవందన కింద మొదటి కాన్పుకు రూ.5,000 రెండు విడతల్లో (రూ.3,000, రూ.2,000) వస్తుంది. రెండో కాన్పులో ఆడబిడ్డ పుడితే రూ.6,000 ఒకేసారి ఇస్తారు. డబ్బు ఆధార్‌తో లింక్ అయిన తల్లి ఖాతాలోనే పడుతుంది. గర్భం నమోదు, బిడ్డ జనన నమోదు, మొదటి విడత టీకాలు తప్పనిసరి. ప్రభుత్వాసుపత్రిలో ప్రసవం, సిజేరియన్, మందులు, ఇంటికి దింపే వాహనం జననీ శిశు సురక్ష కింద ఉచితం.

ఫిర్యాదు చేయాలంటే

పాల మీదైతే ఫుడ్ సేఫ్టీ అధికారికి లేదా ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో చేయాలి. అంగన్‌వాడీ సరుకు, మాతృవందన డబ్బుల మీదైతే ముందు ఐసీడీఎస్ సూపర్‌వైజర్, ఆ తర్వాత సీడీపీవో.

చట్టంలోని 40వ సెక్షన్ గురించి తెలిసినవాళ్లు తక్కువ. కొన్నవాళ్లే ఫీజు కట్టి పాలను ఫుడ్ అనలిస్ట్‌తో పరీక్ష చేయించుకోవచ్చు. కొనేటప్పుడే ఆ మాట అమ్మేవాళ్లకు చెప్పాలి. పాలు ప్రమాణాలకు తగ్గట్టు లేవని తేలితే కట్టిన ఫీజు వెనక్కి వస్తుంది. రంజాన్‌లో, పెళ్లిళ్ల సీజన్‌లో గిరాకీ పెరిగి పాలు పలచబడ్డాయన్న అనుమానం వస్తే, పోసేవాళ్లతో గొడవ పడేకంటే ఈ సెక్షన్ మాటెత్తడం మేలు.