ఒంగోలు పల్లెలలో మూడు నియమాలు



ఒంగోలు ప్రాంతపు క్రైస్తవ చరిత్రను ప్రస్తావించగానే ఎవరైనా మొదట చెప్పేది ఒక అంకె. 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద, ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందినారు. ఈ అంకెను గర్వంగా చెప్పేవారున్నారు, పెదవి విరిచి చెప్పేవారూ ఉన్నారు. నాకు మాత్రం ఆ అంకె కన్న దాని వెనుకనున్న మూడు చిన్న నియమాలే చరిత్రకు అసలు తాళపుచెవి అని తోస్తుంది. ఆదివారం పని చేయరాదు. చచ్చిన గొడ్డు మాంసం తినరాదు. విగ్రహాలకు మొక్కరాదు. చూడబోతే ఎంత సామాన్యమైన మాటలు! వేదాంత చర్చ లేదు, గ్రంథ పాండిత్యం అక్కరలేదు. కాని ఆనాటి మాదిగపల్లెలో ఈ మూడింటిని పాటించడమంటే ఊరితో ఉన్న సంబంధాలన్నిటినీ కదిలించడమే.

ముందుగా కొంత పూర్వరంగం చెప్పవలసి ఉన్నది. అమెరికను బాప్టిస్టులు 1840లో నెల్లూరులో స్థిరపడినారు. ఏళ్లు గడచినా ఫలితం కానరాక, 1853 నాటికి ఈ మిషనును మూసివేద్దామా అన్న చర్చ వారి దేశంలో జరిగింది. పటంలో ఒంటరిగా మిగిలిన ఆ కేంద్రానికి 'ఒంటి నక్షత్రం' అన్న పేరు అప్పుడే వచ్చింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున జూయెట్ దొర దంపతులు, ముగ్గురు తెలుగువారు కలిసి ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించినారు. దానినే నేటికీ ప్రార్థన కొండ అంటారు. ఆ ప్రార్థన తరువాత పన్నెండేళ్లకు, 1866లో, జాన్ ఎవరెట్ క్లౌ అనే యువకుడు ఒంగోలులో కాపురం పెట్టినాడు. ఆయన ఇంజనీరింగు పని నేర్చినవాడు. ఈ సంగతి ముందు ముందు అక్కరకు వస్తుంది, గుర్తుంచుకోండి.

అదే సంవత్సరం యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద, భార్యతో కలిసి, ఒంగోలులో బాప్తిస్మం పొందినాడు. తోళ్ల వ్యాపారం మీద ఏలూరు ప్రాంతానికి వెళ్లినప్పుడు ఈ బోధ విన్నవాడు. అంతకుమునుపే రాజయోగ సంప్రదాయంలో సాధన చేసినవాడు. అంటే ఆధ్యాత్మిక జిజ్ఞాస అతనికి దొరలు పెట్టిన భిక్ష కాదు. అతడు పల్లె పల్లెకు తిరిగి తనవారికి చెప్పిన కథలను, ఆ జనుల జీవితాన్ని, క్లౌ గారి రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ఆంగ్లంలో పుస్తకంగా ప్రకటించినారు. దాని పేరుకు 'చెప్పులు కుడుతూ' అని అర్థం. ఆ పేరులో ఒక సూక్ష్మముంది. కొత్త మతం వీరిని కులవృత్తి మానమనలేదు. ఆరె, మేకు చేతనుండగానే మాటలు సాగినాయి.

ఇక నియమాల సంగతికి వద్దాం.

మొదటిది ఆదివారం. మనకు సెలవు దినమంటే ఒక హక్కు. ఆనాటి మాదిగవానికి రోజులపై అధికారమే లేదు. చెప్పులు, కపిల తోలే తోలు బానలు, ఎద్దుల పట్టెడలు కుట్టి ఇవ్వడం, పిలిచినప్పుడు వెట్టికి పోవడం అతని విధి. బదులుగా పంట నాడు కళ్లంలో దక్కే మేర అతని జీవనాధారం. కోతల వేళ రైతు కబురంపితే 'ఈ రోజు రాను' అనడం అతని తాతముత్తాతలు ఎరుగని మాట. ఏడు రోజులలో ఒక రోజు తనదని చెప్పినవాడు, తక్కిన ఆరు రోజులూ తాను ఇష్టపడి చేస్తున్నానని కూడ చెప్పినట్లే గదా! రైతుకు కోపం వచ్చింది పని ఆగినందుకు మాత్రమే కాదనుకుంటాను.

రెండవది భోజనం. ఊరిలో పశువు చస్తే కళేబరాన్ని ఈడ్చుకుపోవడం మాదిగల పని, దాని మాంసం వారి తిండి. ఇది ఒకవైపు ఆకలి తీర్చే మార్గం, మరొకవైపు వారి నొసట ఊరు వేసిన అంటరాని ముద్ర. పైగా పశువు చచ్చినప్పుడల్లా, తోలు కోసం వీరే విషం పెట్టినారన్న అనుమానం ఆ పల్లె మీదికే పోయేది. మాంసం వదులుకున్న ఇంటికి ఆ వారం కూర లేదు. అందుచేత ఈ నియమపు బరువంతా పడినది వంట చేసే ఇల్లాలి మీద. ఉపదేశకులు తోటలో బోధించి వెళ్లిపోతారు. పిల్లలు ఏడుస్తుంటే ఖాళీ కుండ చూసుకొని నియమం నిలబెట్టినది ఆ తల్లి. ఆమె పేరు ఏ నివేదికలోనూ కానరాదు.

మూడవది అన్నిటికన్న కఠినమైనది. గ్రామదేవత జాతరలో డప్పు మాదిగలదే. కొలుపులు వారు లేనిదే సాగవు. వర్షం రాకపోయినా, కలరా వచ్చినా, దేవతను శాంతింపజేయడం ఊరంతటి పని. అటువంటి వేళ డప్పు పట్టననడం ఒక మనిషి సొంత విశ్వాసంగా ఊరికి కనిపించదు, ఊరికి కీడు తలపెట్టినట్లే కనిపిస్తుంది. కనుక ఊరు ఊరకుండలేదు. నీళ్లు లేకుండా చేయడం, వీథిలో నడవనీయకపోవడం, పని ఇవ్వకపోవడం, కరణం మునసబుల చేత వేధింపులు, లేనిపోని నేరారోపణలు - ఇవన్నీ క్లౌ తన జీవితకథలో చెప్పుకొచ్చినవే.

నియమాలు చెప్పినవారికి కూడ పరీక్ష తప్పలేదు. క్లౌ దంపతులు ఒంగోలులో పెట్టిన పాఠశాలకు మొదట అగ్రకులాల పిల్లలు వచ్చేవారు. పెద్దలలో కొందరు సుముఖంగానే ఉన్నారు. మాదిగలు చేరడం మొదలుకాగానే, వీరిని చేర్చుకొంటే మేము రామన్నారు. ఊరి పెద్దలా, పల్లె జనమా? ఆ సందిగ్ధంలో క్లౌ, ఆయన భార్య హారియెట్ విడివిడిగా గ్రంథం తెరువగా, దేవుడు లోకంలో నీచులైన వారినే ఏర్పరచుకొన్నాడనే అర్థం గల కొరింథీ పత్రిక భాగమే ఇద్దరి కంటా పడినదట. దీనిని మహిమ అనుకొన్నా, కాకతాళీయమనుకొన్నా, ఆపైన వారు చేసిన నిర్ణయం మాత్రం చరిత్ర. పల్లె జనాన్ని చేర్చుకొన్నారు. అగ్రకులాల పిల్లలు బడి విడిచిపోయినారు.

తరువాత ధాత నామ సంవత్సరపు కరువు వచ్చింది. 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిని పీల్చి పిప్పిచేసిన కరువది. క్లౌ తన పాత విద్యను బయటికి తీసి, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకానికి గుత్తకు ఒప్పుకొని, వేలాది మందికి కూలి కల్పించినాడు. ఉపదేశకులే మేస్త్రీలు. విశ్రాంతి వేళ వారు కూలీల నడుమ కూర్చుండి, అలసినవారిని రమ్మని పిలిచిన యేసు మాటలను చెప్పేవారు.

'బియ్యం కోసం కలిసినవారు' అనే ఎత్తిపొడుపు ఇక్కడే పుట్టింది. నిష్పక్షపాతంగా చూద్దాం. కష్టకాలంలో ఆదుకొన్న వారిపై కృతజ్ఞత కలగడం సహజం. కాలువ గట్టున ఏర్పడిన పరిచయం ఈ మార్పుకు కారణం కాదనడం సత్యదూరం. కాని మరొక వాస్తవాన్ని కూడ పక్కన ఉంచవలెను. కరువు నడుస్తున్న దాదాపు 15 నెలల పాటు క్లౌ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వనీయలేదు. ఆశపడి వచ్చారన్న మాట రాకూడదని ఆయన భయం. సహాయం ఆగిపోయిన పిదప, ఇక ఇచ్చేందుకు ఏమీ లేదని చెప్పిన పిదప, 1878 జూన్ నడుమ తలుపు తెరిచినారు. ఆరు వారాలలో 8,691 మంది వచ్చినారు. జూలై 3న గుండ్లకమ్మలో బాప్తిస్మాలిచ్చినవారు ఆరుగురు ఉపదేశకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకొంటూ. అలా వచ్చినవారి ముందున్నది బియ్యం కాదు, పైన చెప్పిన మూడు నియమాలు. అంటే ఊరితో తగవు, కూరలేని కూడు, పోబోయే మేర.

నేను ముప్పది ఏళ్లకు పైగా తెలుగు చెప్పినవాణ్ణి. హాజరుపట్టీలో పేతురు, యోహాను, ఏసోబు, మార్తమ్మ అని పేర్లు పిలుస్తున్నప్పుడు, ఈ పేర్లు మన నోట ఎంత తెలుగైపోయినాయో గదా అనుకొనేవాణ్ణి. వినుకొండలో 1895లో పుట్టిన జాషువ పేరు కూడ అటువంటిదే. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ఆ మహాకవి, 'గబ్బిలం'లో అరుంధతీసుతుని చేత కాశీ విశ్వేశ్వరునికి విన్నపం పంపించినాడు. ఆ పద్యాలు పాఠం చెప్పిన ప్రతిసారీ, మూడు నియమాలతో తీరని లెక్క ఎంత మిగిలిపోయిందో నాకు తెలిసివచ్చేది. మతం మారినా ఊరి చూపు మారలేదు. డప్పు వదిలిన ఇళ్లలో ఒక విద్య, దానితో కూడిన పాట, కొంత పోయినాయి. ఆ నష్టం కూడ లెక్కలోనిదే.

అయినను నా అభిప్రాయం ఇది. విశ్వాస చరిత్రను సభల తీర్మానాలలో, బాప్తిస్మపు అంకెలలో వెదికితే సగమే దొరుకుతుంది. మిగిలిన సగం కోతల నాటి ఆదివారం ఇంట నిలిచిన కూలివాని దగ్గర, పొయ్యి మీద కుండలో ఏమి ఉడకవలెనో తానే నిర్ణయించుకొన్న ఇల్లాలి దగ్గర ఉన్నది. వారు పెద్ద మాటలు మాట్లాడలేదు. రోజువారీ పనులలో ఒకటి వదిలి ఒకటి పట్టుకొన్నారు, దాని వెల తామే చెల్లించినారు. ఏ మతం వారైనా, మతమే వద్దనేవారైనా, నమ్మిన దానికి అంత వెల చెల్లించగలమా అని ఒకసారి తమను తాము అడుగుకోవచ్చును.

ఒంగోలు, కంభం, మార్కాపురం, వినుకొండ ప్రాంతాల మిత్రులెవరైనా ఉంటే ఒక మనవి. మీ ఇళ్లలోని వృద్ధులు ఈ నియమాల గురించి, ఆనాటి తగవుల గురించి చెప్పిన ముచ్చట్లు తప్పక వ్రాసి ఉంచండి. దొరల నివేదికలు గ్రంథాలయాలలో భద్రంగా ఉన్నాయి. ఆ ఇల్లాళ్ల మాటలు మాత్రం మనుమలు, మునిమనుమల జ్ఞాపకాలలోనే ఉన్నాయి.

సెలవు.